తాళం తీసేదెవరు?

మనుషులు వలసపోతే ఇంటికి తాళం పడుతుంది. పాలన మారితే కచేరీకి పడుతుంది. పిల్లలు తగ్గితే బడికి పడుతుంది. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల తిరిగితే ఈ మూడు రకాల తాళాలూ తెలిసినవే. కొత్త గోడ లేపడానికి సర్కారు దగ్గర ఎన్నో పద్దులున్నాయి. ఉన్న గోడను నిలబెట్టడానికి..?

ఉదయగిరిలో బస్సు దిగి తలెత్తితే ముందు కొండ కనిపిస్తుంది. 3,079 అడుగుల ఎత్తున దుర్గం. పాత గెజిటీరు లెక్క ప్రకారం ఒకప్పుడు ఇక్కడ పదమూడు కోటలుండేవి. కొండమీద ఎనిమిది, కింద అయిదు. కొన్నిచోట్ల దాదాపు వెయ్యి అడుగుల నిట్టనిలువు బండ. పైకెక్కే ప్రతి దారికీ అడ్డంగా ఓ గోడ, ఓ బురుజు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి చుట్టుముడితే, గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గం ఏడాదికి పైగా లొంగలేదట. 1514లో ఎలాగైతేనేం పట్టుకున్నాడు. పోతూపోతూ ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకెళ్లాడు. 1515లో హంపీలో ఆయనకో గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అంటే... ఉదయగిరి నుంచి బయల్దేరి చెన్నై చేరిన వలస జీవుల్లో దేవుడూ ఉన్నాడన్నమాట!

ఆ తర్వాత గోల్కొండ నవాబులు వచ్చారు. ఆర్కాటు వాళ్లు వచ్చారు. చివరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్ కర్నూలు నవాబుతో కలిసి కుట్ర చేశాడని 1839లో ఆంగ్లేయులు జాగీరు లాక్కుని, ఆయన్ను చెంగల్పట్టుకు పంపేశారు. అప్పట్నుంచీ కొండమీద దర్బారు లేదు. మసీదులు, గుళ్లు, సమాధులు, మండపాలు మిగిలాయి. ఫిరంగి గుండ్లకు ఏడాది నిలబడ్డ గోడలు రావి మొక్కకు నిలబడలేకపోయాయి.

కోట సంగతి అలా ఉంచుదాం. రాజులు వదిలేసిన కట్టడాలకు చరిత్ర పుస్తకాల్లోనైనా చోటుంటుంది. మామూలు మనుషులు వదిలేసినవాటికి అదీ ఉండదు.

ఒక పెంకు జారితే...

నెల్లూరు అంటే అందరికీ వరి, చేపలు, రొయ్యలు గుర్తొస్తాయి. అది తూర్పు సంగతి. పడమర వైపు మెట్ట. వాన పడితే పంట, లేకపోతే లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడు. అందుకే ఈ వైపు ఊళ్లవాళ్లకు చెన్నై, బెంగళూరు, హైదరాబాదు, కువైట్ పక్కవీధి పేర్లంత మామూలు. ముందు ఇంటి పెద్ద వెళ్తాడు. తర్వాత భార్యాపిల్లలు. చివరికి వసారాలో మంచం వేసుకుని కూర్చునే ముసలివాళ్లు మిగులుతారు. వాళ్లూ పోయాక తాళం.

దేశమంతటా ఇలాంటి తాళాలు ఎన్ని? 2011 జనాభా లెక్కలవాళ్లు దేశంలో దాదాపు 33 కోట్ల కట్టడాలను లెక్కించారు. అందులో 2 కోట్ల 46 లక్షలకు పైగా ఖాళీ. నగరాల్లో అమ్ముడుపోని ఫ్లాట్లే ఖాళీగా ఉంటాయని మనం అనుకుంటాం. నిజానికి సగానికంటే ఎక్కువ, సుమారు 1 కోటీ 36 లక్షలు, పల్లెల్లోనే ఉన్నాయి.

ఖాళీ ఇల్లు ఒక్కరోజులో కూలదు. మొదట ఓ పెంకు జారుతుంది. ఇంట్లో మనుషులుంటే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని సర్దేస్తారు. అయిదు నిమిషాల పని. మనుషుల్లేకపోతే ఆ సందులోంచి వాన లోపలికి దిగుతుంది. వాసం నానుతుంది. చెద పడుతుంది. రెండో ఏడాదికి దూలం వంగుతుంది. గోడ నెత్తి మీద కాకి వేసిన గింజ మొలిచి, వేరు రాళ్ల మధ్యకు దిగుతుంది. అక్కడి నుంచి లెక్క మారిపోతుంది. అయిదు నిమిషాల పని అయిదు లక్షల పని అవుతుంది. మిద్దె ఇళ్లదీ ఇదే కథ. ఏటా వానాకాలం ముందు పైన మట్టి సరిచేసి, నీళ్లు పోయే తూము శుభ్రం చేయాలి. అది ఇంటివాళ్లు చేసేదే తప్ప కూలి ఇచ్చి చేయించేది కాదు.

బాగుచేద్దామని వచ్చినవాళ్లు కూడా ఒక్కోసారి చేటే చేస్తారు. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే చూడ్డానికి నున్నగానే ఉంటుంది. లోపలి చెమ్మ బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. కొన్నేళ్లకు ఆ సిమెంటు, తనతోపాటు లోపలి సున్నాన్నీ పెకలించుకుని పెచ్చులుగా ఊడిపోతుంది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం ఇప్పుడు మంచి డాక్టరు దొరకడం కంటే కష్టం.

కచేరీలు, చావడులు

ఇళ్లకు తాళాలు వేసింది కరువు. కచేరీలకు తాళాలు వేసింది మాత్రం కాగితం. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు ఒక్క ఆర్డినెన్సుతో పోయాయి. శిస్తు వసూలు, పంచాయితీలు, పోలీసు జవాను విడిది... అన్నీ జరిగిన గ్రామ చావడికి పనిలేకుండా పోయింది. మరుసటేడు తాలూకాలు, ఆ తర్వాత సమితులు పోయి మండలాలు వచ్చాయి. ఉదయగిరి, ఆత్మకూరు రెండూ బ్రిటిష్ కాలం నుంచి తాలూకా కేంద్రాలు. ఒక తాలూకాకు ఒక కచేరీ, ఒక ఖజానా, ఒక సమితి ఆఫీసు ఉండే చోట ఇప్పుడు ప్రతి మండలానికీ ఒక్కో వరస కొత్త ఆఫీసులు కావాల్సి వచ్చాయి. పాలన జనం దగ్గరికి వచ్చింది, నిజమే. పాత గోడల సంగతి ఎవరూ ఆలోచించలేదు.

ఈ రెండు ఊళ్లలో ఆత్మకూరు అదృష్టం కొంచెం మెరుగు. కృష్ణపట్నం ఓడరేవు నుంచి బద్వేలు, మైదుకూరు మీదుగా పడమటికి వెళ్లే 67వ నంబరు జాతీయ రహదారి ఊళ్లోంచే పోతుంది. దగ్గర్లో సోమశిల జలాశయం. రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది, మున్సిపాలిటీ అయింది. ఒక ఆఫీసు ఖాళీ అయితే ఇంకో ఆఫీసు వచ్చి కూర్చుంటుంది. రోడ్డు పక్క గోడకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఉదయగిరి కొండ మలుపులో ఉంది. అక్కడ ఖాళీ అయిన గది ఖాళీగానే ఉండిపోయే ప్రమాదం ఎక్కువ.

2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. అవి పది వేలకు పైనే. ఒక్కో ఊరికి సచివాలయానికో భవనం, రైతు కేంద్రానికో భవనం, ఆరోగ్య కేంద్రానికో భవనం. మూడూ కొత్తవే కట్టాలన్నారు. చాలాచోట్ల కొన్ని పునాదుల్లోనే ఆగాయి, కొన్ని శ్లాబు దగ్గర ఆగాయి. పాత చావడినో, వాడని బడి గదినో బాగుచేసి ఒకదానికైనా ఇవ్వొచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. తోచినా లాభం లేదు. ఎందుకంటే...

పద్దు లేదు!

ఇక్కడే అసలు మెలిక. ప్రభుత్వాల దగ్గర డబ్బు లేదని కాదు. ఏ డబ్బు ఏ పనికి అని ముందే గీసిన గీతలు దాటడానికి వీల్లేదు.

ఇళ్లనే తీసుకోండి. పాత ఇందిరా ఆవాస్ యోజనలో నిధుల్లో అయిదో వంతు దాకా కచ్చా ఇళ్లను బాగుచేసుకోవడానికి వాడుకునే వీలుండేది. 2016లో దాని స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ మైదాన ప్రాంతంలో ఇంటికి లక్షా ఇరవై వేలు ఇస్తుంది. కొత్త పక్కా ఇల్లు కడితేనే. తాతల నాటి మిద్దెకు దూలం మార్చుకుంటానంటే పైసా రాదు. దాంతో ఉన్న ఇంటిని పాడుబెట్టి, పక్కన ఓ గది, దానిమీద ఓ శ్లాబు!

ఉపాధి హామీ చట్టం కింద ఖర్చుకు నియమం ఉండేది. నూటికి అరవై కూలికి, నలభై సామగ్రికి. మేస్త్రీ, వడ్రంగుల కూలి కూడా ఆ నలభైలోకే వచ్చేది. మట్టి తవ్వే పనికి ఈ లెక్క చక్కగా సరిపోతుంది. పాత కప్పు విప్పి, మంచి వాసాలు ఏరి, మళ్లీ పేర్చే పనిలో చేతిపని తెలిసినవాడే ముఖ్యం. ఆ పని ఈ లెక్కలో ఇమడదు.

ఇక పంచాయతీలు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలు పంచాయతీలకు 29 అంశాలు అప్పగించింది. చిట్టచివరిది, ఇరవై తొమ్మిదోది ఏమిటో తెలుసా? ఊరుమ్మడి ఆస్తుల నిర్వహణ! పని అప్పగించారు కాబట్టి డబ్బూ ఇచ్చారనుకుంటాం. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇమ్మన్న గ్రాంట్లలో అరవై శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికి కట్టేశారు. మిగతా నలభై శాతం ఊరి ఇష్టం. షరతు ఒక్కటే... జీతభత్యాలకు వాడకూడదు. అంటే పంచాయతీ చావడికి సున్నం వేయించొచ్చు గానీ, పొద్దున్నే తలుపు తీసి ఊడ్చే మనిషికి నెలనెలా నాలుగు డబ్బులు ఆ పద్దులోంచి ఇవ్వలేదు. సొంత పన్నులే దిక్కు. సగం ఇళ్లకు తాళాలున్న ఊళ్లో ఇంటిపన్ను ఎవరు కడతారు?

ఈ లెక్కను కొంతైనా మార్చిన ప్రయత్నం బడుల్లో జరిగింది. 2019 నవంబరు 14న మొదలైన ‘మనబడి నాడు-నేడు’ తొలి విడతలో 15,715 బడులకు సుమారు 3,669 కోట్లు ఖర్చుపెట్టారు. పనులు పిల్లల తల్లిదండ్రుల కమిటీల చేతికిచ్చారు. అంతకంటే ముఖ్యమైంది మరొకటుంది. అమ్మఒడి సొమ్ములోంచి వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకూ, తర్వాత మరో వెయ్యి బడి నిర్వహణకూ మినహాయించారు. తల్లులు కొందరు గొణిగారు. ఇచ్చే చేత్తోనే తీసుకోవడమేమిటన్నారు. అదీ న్యాయమైన మాటే. కానీ ఒక ప్రభుత్వ భవనానికి కట్టేటప్పుడే ఏటేటా ఊడ్చే ఖర్చు గురించి ఆలోచించడం మనదగ్గర అరుదు.

తీరా రంగులేసి, టైల్సు పరిచాక ఇంకో మలుపు! 2022 జూన్‌లో 117వ నంబరు జీవోతో దగ్గర్లో హైస్కూలున్న చోట ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను అక్కడికి మార్చారు. ఒకటి, రెండు తరగతులు మిగిలాయి. గదులు ఖాళీ అయ్యాయి. 2025 మేలో ఆ జీవోను రద్దు చేసి బడులను మళ్లీ వేరేగా సర్దారు. పిల్లలు అటూఇటూ మారగలరు. భవనం మారలేదు. కాబట్టి అది ఊరికే నిలబడి చూస్తూ ఉంటుంది.

ఒక ప్రాంగణం కథ

ఇన్ని తాళాల మధ్య ఉదయగిరిలోనే ఒక తలుపు వేరే రకంగా తెరుచుకుంది.

ఈ ప్రాంతానికి చెందిన మేకపాటి కుటుంబం 1990ల్లో ఇక్కడ ఇంజినీరింగు కాలేజీ పెట్టింది. మేకపాటి రాజమోహన్‌రెడ్డి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్. జనం నోట ‘మెరిట్స్’. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగు కాలేజీలు ఒకదశలో ఏడువందలు దాటాయి. ఆ తర్వాత తెలిసిందే. సీట్లు ఎక్కువ, చేరేవాళ్లు తక్కువ. చేరేవాళ్లు కూడా నగరం పక్కనున్న కాలేజీనే కోరుకున్నారు. ఊరికి దూరంగా, పొలాల మధ్య అంతస్తుల మీద అంతస్తులు కట్టిన కాలేజీలు చాలాచోట్ల మూతబడ్డాయి. ఎవరికీ పనికిరాకుండా మిగిలాయి.

2022 ఫిబ్రవరి 21న ఆ ఇంటి కొడుకు, రాష్ట్ర పరిశ్రమల మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి గుండెపోటుతో మరణించారు. ఆయన ఆత్మకూరు నుంచి 2014, 2019లో రెండుసార్లు ఎమ్మెల్యే. సొంతూరు మర్రిపాడు మండలం బ్రాహ్మణపల్లి. 23న అంత్యక్రియలు జరిగింది ఉదయగిరిలోని ఆ కాలేజీ ఆవరణలోనే. ఆ దుఃఖంలోనే తండ్రి రాజమోహన్‌రెడ్డి ప్రభుత్వాన్ని అడిగిందేమిటంటే... కాలేజీని, దాని భూముల్ని అప్పగిస్తాం, కొడుకు పేరిట వ్యవసాయ, ఉద్యాన విద్యాసంస్థగా నడపండి అని. దాంతోపాటు వెలిగొండ నీళ్లు ఉదయగిరికి తెమ్మని. ప్రభుత్వం సరేనంది. ఆ ప్రాంగణంలోకి ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. గౌతమ్‌రెడ్డి పేరిట వ్యవసాయ కళాశాల నడుస్తోంది.

ఒక రాజకీయ కుటుంబం కాబట్టి అడిగిన వెంటనే పని జరిగిందనేవాళ్లుంటారు. మామూలు మనిషి తన బియ్యపు మిల్లునో, కల్యాణ మండపాన్నో ఇస్తానంటే ఫైలు ఎన్నాళ్లు తిరిగేదో! ఆ మాటలో నిజముంది. అయినా ఈ ఏర్పాటులో గమనించాల్సిన విషయం వేరే ఉంది. ఇక్కడ ప్రభుత్వం కొత్త పునాది తవ్వలేదు. రంగులేసి రిబ్బను కత్తిరించి వెళ్లిపోనూలేదు. గోడలు దాతవి. వాటి లోపల పాఠం చెప్పేవాళ్ల జీతం, ప్రయోగశాల ఖర్చు, కరెంటు బిల్లు విశ్వవిద్యాలయం పద్దులో పడ్డాయి. ఏటా మళ్లీ పడతాయి. అందుకే తలుపు రోజూ తెరుచుకుంటుంది. ఇంజినీరింగు చదువు ఎక్కడైనా చెప్పొచ్చు. మెట్టపంటల చదువు మాత్రం మెట్టలో చెబితేనే పిల్లలకు కాళ్ల కింద మట్టి తెలుస్తుంది. ఇంటికి తగ్గ మనిషి దొరకడమంటే ఇదే.

మరి ఆ తండ్రి అడిగిన నీళ్లు? ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు నీళ్లిచ్చే లెక్కతో వెలిగొండకు శంకుస్థాపన జరిగింది 1996లో. దాదాపు 19 కిలోమీటర్ల పొడవున్న జంట సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. అప్పటికి కూడా పొలాలకు నీళ్లు పారలేదు. భవనం తలుపు తీయడం తేలిక, కాలువ తలుపు తీయడం కష్టం.

గరిటెలకో గది

కాలేజీ అంటే పెద్ద మాట. చిన్న గది బతకాలన్నా లోపల ఓ పని ఉండాలి. ఉదయగిరిలో ఆ పని లేకపోలేదు. కొండమీద అడవిలో దొరికే నర్ది, దేవదారి, బిక్కి కర్రతో చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేసే కుటుంబాలు తరతరాలుగా ఇక్కడున్నాయి. ఎక్కువమంది ముస్లింలు. ఆడవాళ్లూ ఉలి పడతారు. ఈ చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. లేపాక్షి దుకాణాల్లో అమ్ముతారు. పనిమాత్రం ఎక్కువగా ఇంటి పంచలోనే. వాళ్లకు కావాల్సింది కోట్ల రూపాయల భవనం కాదు. కర్ర తడవకుండా ఆరబెట్టుకునే కప్పు, సానపట్టడానికి కరెంటున్న గది, దుర్గం చూడ్డానికి వచ్చినవాళ్లు కొనుక్కునేలా బస్టాండు దగ్గర ఓ అరుగు. ఖాళీగా ఉన్న ఏ ప్రభుత్వ గదైనా దీనికి చాలు. గది ఒక శాఖది, గరిటె ఇంకో శాఖది. ఆ రెండు ఫైళ్లు కలవడమే కష్టం.

వాళ్లెలా ఇస్తున్నారు?

ఖాళీ ఇళ్ల గోల మనకొక్కరికే కాదు. జపాన్‌లో 2023 లెక్కల ప్రకారం 90 లక్షల ఇళ్లు ఖాళీ. ప్రతి ఏడిళ్లలో ఒకటి! ఇటలీ ప్రభుత్వం ఒక్కో ప్రాంతానికి ఒక్కో పల్లె చొప్పున 21 పల్లెల్ని ఎంచి, ఒక్కోదానికి 2 కోట్ల యూరోలు కేటాయించింది. ఎంపికైన ఊరికి పండగ. పక్క ఊరికి మొండిచేయి. అంత డబ్బు అంత చిన్న ఊళ్లో ఏం చేయాలన్న ప్రశ్న కూడా వచ్చింది.

ఐర్లండ్ దారి వేరు. 2022లో మొదలైన పథకం కింద అక్కడ రెండేళ్లకు పైగా ఖాళీగా ఉన్న పాత ఇంటిని బాగుచేసుకుంటే 50 వేల యూరోల దాకా ఇస్తున్నారు. ఇల్లు మరీ శిథిలమైతే 70 వేలు. షరతులున్నాయి. అందులో సొంతంగా కాపురముండాలి, లేదా అద్దెకివ్వాలి. పదేళ్లలోపు అమ్మేస్తే డబ్బు వెనక్కి కట్టాలి. అంటే సర్కారు గోడకు కాదు, ఆ గోడల మధ్య వెలిగే దీపానికి డబ్బిస్తోంది. మనదగ్గర ఇందిరా ఆవాస్‌లో ఒకప్పుడున్న ఆ అయిదో వంతు మళ్లీ తెచ్చి, ఇలాంటి షరతొకటి తగిలిస్తే? చేయలేని పనేం కాదు.

అయితే దానికి ముందు ఇంకో చిక్కుముడి విప్పాలి. ఆ ఇల్లు ఎవరిది? ఊరి నడిబొడ్డు చాలావరకు గ్రామకంఠం. తరాలుగా ఉంటున్నా చేతిలో పట్టా ఉండదు. పట్టా లేనిదే బ్యాంకు అప్పివ్వదు, ప్రభుత్వం గ్రాంటివ్వలేదు. తాత పేరున్న ఇంటికి వారసులు నలుగురు. ఒకరు కువైట్‌లో, ఒకరు బెంగళూరులో, ఒకరు హైదరాబాదులో, ఒకరు ఎక్కడో మాటల్లేకుండా. నలుగురి సంతకాలూ కలవవు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం డ్రోన్లతో గ్రామకంఠాలు కొలిచి యాజమాన్య కార్డులివ్వడానికే. రాష్ట్రం కూడా అదే ఏడాది డిసెంబరులో భూముల రీసర్వే మొదలుపెట్టింది. ఇంటి కొలతలు డ్రోను చెప్పగలదు. అన్నదమ్ములు ఎప్పుడు మాట్లాడుకుంటారో అది చెప్పలేదు.

అందాకా ఈ మెట్ట ఊళ్లలో ఇళ్ల తలుపులు తెరుచుకునేది సంక్రాంతికే. భోగి ముందురోజు రాత్రి కార్లు వస్తాయి. తాళంచెవి పక్కింటి పెద్దమ్మ దగ్గరుంటుంది. బూజు దులిపి, గచ్చు కడిగి, గుమ్మానికి పసుపు రాస్తారు. జారిన పెంకుల్ని ఎవరో నిచ్చెన వేసుకుని సర్దుతారు. మూడోరోజు కనుమ. నాలుగోరోజు పొద్దున్నే టిఫిను తిని బయల్దేరేటప్పుడు తాళంచెవి మళ్లీ పెద్దమ్మ చేతిలో పెడతారు. ఆవిడ దాన్ని గూట్లో, మిగతా అయిదారు తాళంచెవుల పక్కన పెడుతుంది.